కంప్యూటరు గొంతు

'సకలము' అనగా సమస్తము. 'శకలము' అనగా ముక్క. ఒక్క అక్షరము సరిగా వినబడనిచో సమస్తము ముక్కగా మారును. ధ్వని స్పష్టముగా ఉన్నప్పుడే అర్థము స్పష్టమగును.

నేడు మనము పాఠములను, వార్తలను, సంగీతమును కంప్యూటరు ద్వారా వినుచున్నాము. చూపులేని విద్యార్థికి కంప్యూటరు ధ్వని వినోదము కాదు. అదియే అతని పుస్తకము. ఆస్ట్రేలియా దేశమున మైకేల్ కర్రన్ అను చూపులేని యువకుడు 2006వ సంవత్సరమున 'ఎన్.వి.డి.ఎ.' అను సాధనమును ప్రారంభించెను. తెరపైనున్న అక్షరములను అది బిగ్గరగా చదివి వినిపించును. ఎవరైనను దానిని ఉచితముగా పొందవచ్చును. కాని కంప్యూటరు గొంతు బొంగురుపోయినచో ఆ చదువు ఆగిపోవును. అట్టి వేళ పలువురు యంత్రము చెడిపోయినదని తలచి క్రొత్తది కొనుటకు సిద్ధపడుదురు. నిజమునకు దోషము అనేక పర్యాయములు స్వల్పమైనదే. దానిని కనుగొనుటకు ధ్వని నడచు మార్గమును తెలిసికొనవలెను.

ధ్వని గాలిలో పుట్టు కంపనము. మైక్రోఫోను ఆ కంపనమును విద్యుత్తరంగముగా మార్చును. కంప్యూటరు ఆ తరంగపు ఎత్తును క్షణక్షణము కొలిచి అంకెలుగా వ్రాసికొనును. మానవుని చెవి సెకనుకు 20 మొదలు 20,000 వరకు గల కంపనములను వినగలదు. ఒక్కొక్క కంపనమును పట్టుకొనుటకు రెండు కొలతలకు మించి కావలెను. అందువలననే 1982లో వెలువడిన కాంపాక్టు డిస్కులో సెకనుకు 44,100 కొలతల చొప్పున ఏర్పరచిరి. ప్రతి కొలతయు 65,536 మెట్లలో ఏదో యొక మెట్టును సూచించును. మనము వినునప్పుడు ఈ ప్రయాణము వెనుకకు సాగును: అంకెలు మరల విద్యుత్తరంగమగును, ఆ తరంగము బలము పొంది తీగె వెంట స్పీకరును చేరును, స్పీకరులోని పలుచని పొర కదలి గాలిని కదలించును.

కాలువ చివరి మడికి నీరు అందనిచో తెలివిగల రైతు కాలువనంతయు త్రవ్వడు. గట్టు వెంట నడచి, నీరు ఎంతవరకు వచ్చుచున్నదో చూచి, అడ్డు ఉన్న చోటును కనుగొనును. ధ్వని విషయమునను ఇదియే మార్గము. మొదట, బాగుగా ఎరిగిన వేరొక పాటను వినవలెను. అది స్పష్టముగా వినవచ్చినచో దోషము మొదటి పాటదే గాని యంత్రముది కాదు. రెండు పాటలును చెడుగా వినవచ్చినచో స్పీకరును ఆపి హెడ్‌ఫోనుతో వినవలెను. అప్పుడు ధ్వని బాగుపడినచో దోషము స్పీకరులోనో దాని తీగెలోనో ఉన్నది. అప్పటికిని బాగుపడనిచో అది కంప్యూటరు లోపలనే ఉన్నదని ఊహింపవచ్చును. ఒక పర్యాయమునకు ఒక్క మార్పే చేయవలెను. ఒకేసారి నాలుగు మార్పులు చేసినవాడు వ్యాధి కుదిరినను ఏ మందు పనిచేసినదో చెప్పలేడు.

దోషములు తమ గుర్తులను తామే తెలుపును. గొంతు చీలినట్లు కర్కశముగా ఉన్నదనుకొనుడు. ధ్వనిని మితిమీరి పెంచినప్పుడు తరంగముల శిఖరములు కొడవలితో కోసినట్లు చదునైపోవును. కర్కశత్వము అందుండి పుట్టును. పాట వినిపించు సాధనమునకు, కంప్యూటరునకు, స్పీకరునకు వేర్వేరుగా హెచ్చుతగ్గుల అమరికలు ఉండును. వానిని ఒక్కొక్కటిగా తగ్గించి చూడవలెను.

ధ్వని చిటపటలాడుచు తెగిపోవుచున్నచో కారణము వేరు. కంప్యూటరు అంకెలను ఒక తొట్టిలో నీరు పోసినట్లు విడతలు విడతలుగా నింపును. స్పీకరు వైపునకు మాత్రము అవి ఎడతెగని ధారగా పారవలెను. యంత్రము ఇతర పనులలో మునిగియున్నచో తొట్టి నిండక ముందే ధార తెగును. అక్కరలేని పనులను మూసివేసినచో ధార నిలకడ పొందును.

'గుంయ్' అను నాదము ఎడతెగక వినవచ్చుచున్నచో అది విద్యుత్ సరఫరా నుండి వచ్చినది కావచ్చును. మన దేశమున విద్యుత్ ప్రవాహము సెకనుకు 50 పర్యాయములు ఊగిసలాడును. ల్యాప్‌టాప్ చార్జరును తీసివేసినంతనే నాదము ఆగినచో కారణము తెలిసినట్లే. అయితే ప్లగ్గులోని ఎర్తు పిన్నును ఎన్నడును తొలగింపరాదు. అది ప్రాణరక్షణకై అమర్చినది. అట్టి పనిని ఎలక్ట్రీషియనుకే విడువవలెను.

వాద్యములు వినబడుచు గాయకుని గొంతు మాత్రము మాయమగుట మరియొక వింత. హెడ్‌ఫోను ప్లగ్గు పూర్తిగా దిగనప్పుడు రెండు చెవులకును ఉమ్మడియైన తీగె సంబంధము తెగిపోవచ్చును. అప్పుడు ఎడమ, కుడి ధ్వనుల భేదము మాత్రమే మిగులును. గాయకుని గొంతు సాధారణముగా రెండింటను సమానముగా ఉండును గావున అది చెల్లిపోవును. ప్లగ్గును గట్టిగా లోనికి నొక్కినచో గాయకుడు తిరిగి వచ్చును!

పలు బ్లూటూత్ హెడ్‌ఫోనులు తమలోని మైకును వాడునప్పుడు ధ్వనిని సెకనుకు 8,000 లేక 16,000 కొలతలకు కుదించును. 8,000 కొలతలతో 4,000 కంపనములకు మించిన ధ్వని అందదు. 'స'కార నాదములో అధిక భాగము ఆ హద్దునకు పైననే ఉండును. సకలమునకును శకలమునకును భేదము మసకబారుట ఇందువలననే. హెడ్‌ఫోను మైకును మాని కంప్యూటరు మైకును వాడినచో ఈ చిక్కు తొలగును.

వినునప్పటి దోషములను చాలవరకు దిద్దవచ్చును. రికార్డు చేయునప్పటి దోషము అట్టిది కాదు. అవ్వ పాడు జోలపాటను భద్రపరుపదలచినవారు ముందుగా ఫ్యాను ఆపి, మైకును జానెడు దూరమున ఉంచి, కొన్ని క్షణములు రికార్డు చేసి విని చూడవలెను. ధ్వని సరిగా ఉన్న పిదపనే పాటను ప్రారంభింపుమని ఆమెను కోరవలెను. నాడు పట్టుబడని నాదమును నేటి యంత్రములు ఊహించి పూరింపవచ్చును గాని, ఆ పూరించినది అవ్వ గొంతు కాదు.