సోలారు మోటారు ఎవరికి గిట్టుబాటు? ముందు బోరు లోతు చూసుకోండి, ప్యానెల్ ధర తర్వాత

సోలారు మోటారు పెట్టిస్తాం, ఇక కరెంటుతోనూ డీజిలుతోనూ పని లేదు అంటూ రంగుల కాగితాలు పట్టుకుని ఊళ్లలోకి వచ్చే ఏజెంట్లకు కొదవ లేదు. వాళ్లు చెప్పేదాంట్లో అబద్ధం తక్కువే, చెప్పకుండా వదిలేసేదే ఎక్కువ. రెండు మూడెకరాల రైతు ఒక వస్తువు మీద లక్ష రూపాయలు పెట్టాడంటే అది అప్పు కిందే లెక్క. అందుకని సంతకం పెట్టే ముందు ఇంటి దగ్గర కూర్చుని కొన్ని లెక్కలు వేసుకోండి.

ముందుగా ఒక మంచిమాట. ప్యానెళ్ల ధర నిజంగానే పడిపోయింది. 1990లలో ఒక్క వాటు ప్యానెల్‌కు నూట యాభై రూపాయల పైనే అయ్యేది. ఇప్పుడు అదే వాటు పదిహేను నుంచి పాతిక రూపాయల మధ్య దొరుకుతోంది. మన దేశంలో తయారైన సెల్లుతో చేసిన ప్యానెల్ అయితే పాతిక దగ్గర, బయటి సెల్లు అయితే పదిహేను దగ్గర ఉంటుంది. సబ్సిడీ పంపుకు స్వదేశీ సెల్లు ఉండాలన్న షరతు ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలారు సామాను మీద జి.ఎస్.టి. కూడా 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత రేటు పన్నుతో బిల్లు వేస్తే ఒప్పుకోకండి.

అయితే ప్యానెళ్లు మొత్తం ఖర్చులో ఒక భాగమే. మోటారు, కంట్రోలరు, ఇనుప స్టాండు, కేబులు, ఎర్తింగు, బిగింపు కూలి అన్నీ కలిపితే 3 హెచ్.పి. సెట్టు సుమారు రెండు లక్షలు, 5 హెచ్.పి. మూడు లక్షలు, 7.5 హెచ్.పి. నాలుగు లక్షల పైన పడుతుంది. కంపెనీని బట్టి, బోరు లోతును బట్టి కొంచెం అటూ ఇటూ.

కరెంటు సర్వీసు ఉంటే తొందరపడొద్దు

మధిర, బోనకల్లు, ఎర్రుపాలెం, చింతకాని వైపు చాలామంది బోరు మోటార్లకు కరెంటు సర్వీసు ఉంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఇస్తున్నారు. మీరు బిల్లే కట్టనప్పుడు సోలారు పెట్టి మిగిల్చేది ఏమిటి? లో ఓల్టేజీ, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవడం, గాలివానకు తీగ తెగితే రెండు రోజులు చూడటం లాంటి తిప్పలు నిజమే. వాటి కోసం మూడు లక్షలు పెట్టడం మాత్రం దండగ. ఆ డబ్బులో కొంత పెట్టి మిరప తోటకు డ్రిప్పు వేయించుకుంటే ఉన్న నీళ్లే రెట్టింపు పారతాయి. సాగరు ఎడమ కాలువ కింద చివరి భూముల రైతులకైతే ఇది మరీ వర్తిస్తుంది. కాలువ నీరు అందని వారాల్లో బోరు మీద ఆధారపడేది వీరే.

డీజిలు ఇంజను మీద నడిపే వారి లెక్క వేరు. 5 హెచ్.పి. ఇంజను గంటకు దాదాపు లీటరు తాగుతుంది. రోజుకు అయిదు గంటలు, లీటరు 95 రూపాయల చొప్పున వేసుకున్నా రోజుకు 475 రూపాయలు. పంటకాలంలో 60 రోజులు నడిపితే 28,500. ఆయిలు, రిపేర్లు దీనికి అదనం. మూడు లక్షల సెట్టును పూర్తిగా సొంత డబ్బుతో కొంటే పది పంటల డీజిలు ఖర్చు ఒకేసారి పెట్టినట్లు. సబ్సిడీ పోను లక్షా ఇరవై వేలే మీ వాటా అయితే నాలుగు పంటలకు తిరిగి వస్తుంది. అదీ పంట పండి, ధర పలికితే. 2025లో మిరప ధర ఎలా కూలిందో ఖమ్మం మార్కెట్టుకు బస్తాలు వేసుకెళ్లిన వారికి వేరే చెప్పనక్కర్లేదు. అలాంటి ఏడాదిలోనూ బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు.

సబ్సిడీ సంగతికి వస్తే, కేంద్రం 2019లో పీఎం-కుసుమ్ పథకం తెచ్చింది. ఇందులో బి విభాగం కింద కరెంటు లేని చోట 7.5 హెచ్.పి. వరకు సోలారు పంపుకు కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం భరిస్తాయి, రైతుది 40 శాతం. ఆ 40లోనూ 30 వరకు బ్యాంకు అప్పుగా తీసుకోవచ్చు. అంటే మూడు లక్షల సెట్టుకు చేతి డబ్బు 30 వేలు, అప్పు 90 వేలు. పథకాన్ని 2026 మార్చి వరకు పొడిగించారు. కాబట్టి మీరు వెళ్లే నాటికి మన రాష్ట్రంలో దరఖాస్తులు తీసుకుంటున్నారా, వాటాలు అవేనా అన్నది ముందు అడిగి, తర్వాతే పైసలు సమకూర్చుకోండి.

ఎన్ని నీళ్లు పోస్తుంది?

అసలు అడగాల్సిన ప్రశ్న ఇది. ఏజెంటు మాత్రం హెచ్.పి. గురించే చెబుతాడు. సోలారు మోటారు నీళ్లు పోసేది పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా. నడి మధ్యాహ్నం ధార బలంగా, అటూ ఇటూ సన్నగా ఉంటుంది. మంచి ఎండ రోజున 3 హెచ్.పి. సెట్టు వంద అడుగుల లోతు నుంచి సుమారు లక్ష లీటర్లు తోడుతుంది. నీళ్లు 165 అడుగుల్లో ఉంటే అరవై వేలు, 230 అడుగులకు దిగితే నలభై వేలు. బోరు ఎంత లోతు వేశారన్నది కాదు, ఏప్రిల్, మే నెలల్లో మోటారు నడుస్తున్నప్పుడు నీళ్లు ఏ లోతులో నిలుస్తాయన్నదే లెక్క. వానాకాలంలో కొలిచి మోటారు సైజు చెప్పేవాణ్ణి నమ్మొద్దు.

ఎకరం మీద అంగుళం మందాన నీళ్లు నిలిపితే లక్ష లీటర్లకు కొంచెం ఎక్కువ. వరి నాటుకు దమ్ము చేయాలంటే అలాంటి అంగుళాలు ఆరేడు కావాలి. లక్ష లీటర్ల మోటారుతో ఎకరం దమ్ముకే వారం గడుస్తుంది. అదే డ్రిప్పు మీద మిరపకో కూరగాయలకో ఎకరానికి రోజుకు ఇరవై వేల లీటర్లు ధారాళంగా చాలు. అంటే అదే మోటారు నాలుగైదు ఎకరాలు తడుపుతుంది. సోలారు పంపుకు డ్రిప్పు జోడు, వరి కాదు. జూలై, ఆగస్టు ముసురు రోజుల్లో ధార మూడో వంతుకో నాలుగో వంతుకో పడిపోతుంది. ఆ రోజుల్లో వాన ఉంటుంది కదా అంటారు గానీ, మబ్బు పట్టి వాన పడని పది రోజులు ఎంత గడ్డుగా ఉంటాయో పత్తి వేసిన వారికి తెలుసు.

కొత్త రకం ప్యానెళ్లు

పాతికేళ్ల కిందటి నీలి రంగు ప్యానెళ్లు ఇప్పుడు దాదాపు పోయాయి. ఇప్పుడొచ్చేవి నల్లటివి. ఒక్కొక్కటి 540, 550 వాట్లు, మంచం కంటే పెద్దవి. 5 హెచ్.పి. సెట్టుకు 4,800 వాట్లు కావాలి కాబట్టి తొమ్మిది ప్యానెళ్లు సరిపోతాయి. నీడ పడకుండా ఎడం వదిలితే అర గుంట జాగా పోతుంది. పడే ఎండలో 20, 21 శాతాన్ని కరెంటుగా మార్చేవి మోనో పెర్క్ రకం, 22, 23 శాతం మార్చేవి టాప్‌కాన్ రకం. ఈ రెండో దానికి కొంచెం ఎక్కువ ధర అడుగుతారు.

ఇక్కడొక సంగతి. ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల వేడి దగ్గర కొలిచినవి. మన దగ్గర మే నెలలో గాలే 45 డిగ్రీలుంటే ప్యానెల్ ఒళ్లు 65కు చేరుతుంది. ఆ వేడికి మోనో పెర్క్ 14 శాతం దాకా, టాప్‌కాన్ 12 శాతం దాకా బలం కోల్పోతాయి. 545 వాట్ల ప్యానెల్ అప్పుడు ఇచ్చేది ఒకటి 470, ఇంకొకటి 480. పది వాట్ల తేడా కోసం వేలు పోయొద్దు. జాగా కొరత లేని పొలానికి ఒక ప్యానెల్ ఎక్కువ వేసుకోవడమే చౌక.

రెండు వైపులా కరెంటు ఇచ్చే బైఫేషియల్ ప్యానెల్ అనీ ఒకటుంది. కింద నేల మీద పడి తిరిగొచ్చే వెలుతురును వెనక వైపు పట్టుకుంటుంది. సున్నం వేసిన డాబా మీదా, తెల్లటి ఇసుక మీదా బాగానే పనిచేస్తుంది. మధిర చుట్టుపక్కల నల్లరేగడి మీద వెనక్కి వచ్చే వెలుతురు ఏపాటి? దీనికి అదనపు ధర అడిగితే వద్దనండి, అదే ధరకిస్తే తీసుకోండి. ఇక పెరోవ్‌స్కైట్ అని వింటున్నది ఇంకా ప్రయోగశాలల మాట. అక్కడ సిలికాన్‌తో జతచేసి 34 శాతం దాటించారు. ఎండకూ తేమకూ ఏళ్ల తరబడి తట్టుకుంటుందని తేలి మన పొలానికి వచ్చేదాకా దాని కోసం ఆగనక్కర్లేదు.

మరో మోసం ఉంది, చాలామంది దొరికిపోయేది ఇక్కడే. పాత మూడు ఫేజుల మోటారుకే ప్యానెళ్లు కట్టేస్తాం, కొత్త మోటారు అక్కర్లేదు అంటారు. 415 ఓల్టుల మోటారు సరిగా తిరగాలంటే ప్యానెళ్ల వైపు నుంచి 580 ఓల్టుల పైన రావాలి. ఒక్కో ప్యానెల్ 41 ఓల్టులిస్తే పద్నాలుగు, పదిహేను ప్యానెళ్లు వరసగా కలపాలి. తొమ్మిది కడితే వచ్చేది 370. మోటారు మూలుగుతుంది, నీళ్లు సగం రావు, ఎక్కువ ఆమ్‌పియర్లు లాగి వైండింగు వేడెక్కుతుంది. సోలారు పంపులకు తక్కువ ఓల్టేజీతో చుట్టిన మోటార్లు వేరే ఉంటాయి. పాత మోటారుకే కడతామంటే ఎన్ని ప్యానెళ్లు, ఎన్ని ఓల్టులు, కంట్రోలరులో ఓల్టేజీ పెంచే ఏర్పాటు ఉందా అని కాగితం మీద రాయించుకోండి. రాయనంటే సంగతి అర్థమైనట్లే.

అడవి అంచు భూములకు

సోలారు నిజంగా పనికొచ్చేది ఇల్లందు, కొత్తగూడెం, భద్రాచలం వైపు అడవి అంచు చేలకు. అక్కడికి స్తంభాలు వేయాలంటే ఖర్చుకు తోడు అటవీ అనుమతులు కావాలి. హక్కు పత్రం ఉన్న పోడు భూముల కోసం 2025 మే 18న నాగర్‌కర్నూలు జిల్లా అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం పథకం మొదలుపెట్టారు. 12,600 కోట్ల రూపాయలతో 2.1 లక్షల గిరిజన రైతులకు చెందిన ఆరు లక్షల ఎకరాలకు నీరివ్వాలన్నది లక్ష్యం. బోరు, సోలారు పంపు అన్నీ నూరు శాతం సబ్సిడీ మీదే. రెండున్నర ఎకరాలు లేని వారు పక్క చేల వారితో కలిసి గ్రూపుగా తీసుకోవాలి. మన వైపు భద్రాచలం ఐటీడీఏలో విచారించండి. గ్రూపులో చేరేటప్పుడు ఎవరికి ఏ పూట నీళ్లో, రిపేరు వస్తే డబ్బు ఎవరు పెట్టాలో ముందే పెద్దమనుషుల ఎదుట రాసుకోవడం మంచిది. మోటారు ఒకరి చేలో, నీళ్లు అయిదుగురివి అయినప్పుడు తగవు రాకుండా ఉండదు.

ఒక్క హెచ్చరిక. ఎండ ఉచితం కదా అని పొద్దస్తమానం తోడితే రెండేళ్లలో బోరే ఎండుతుంది. గుజరాత్‌లో ఆణంద్ దగ్గరి ధుండీ అనే ఊళ్లో 2016లో ఆరుగురు రైతులు సోలారు పంపుల సహకార సంఘం పెట్టుకుని, పొలానికి పోను మిగిలిన కరెంటును లైనుకు అమ్మారు. నీళ్లు పారబోసే బదులు కరెంటు అమ్ముకుంటే డబ్బులొస్తాయని తెలిశాక తోడకం మీద ధ్యాస వచ్చింది. లైను దగ్గర్లో ఉన్న మధిర ప్రాంతానికి ముందు ముందు పనికొచ్చే పద్ధతి అదే. లైనే లేని అడవి చేలల్లో ఆ వీలు లేదు, నీటి పొదుపు మన చేతిలోనే ఉండాలి.

మోటారు స్తోమత లేని వారు పందుల కోసం సోలారు కంచె సంగతి చూడండి. చిన్న ప్యానెల్, 12 ఓల్టుల బ్యాటరీ, ఎనర్జైజరు పెట్టె ఉంటే చాలు. సెకనుకోసారి రెప్పపాటు షాకు కొడుతుంది, జంతువు బెదిరి పోతుంది గానీ చావదు. కరెంటు లైను నుంచి తీగ లాగి కంచెకు పెట్టడం నేరం. ఏటా మనుషులూ పశువులూ దాని మీద పడి చనిపోతున్నారు. పెట్టె మీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందో లేదో చూసి కొనండి.

పెట్టాక చూసుకోవాల్సినవి

ప్యానెళ్లు దక్షిణానికి చూడాలి, మన దగ్గర పదిహేడు డిగ్రీల వాలు చాలు. గట్టు మీది తాటిచెట్టు నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా వరస మొత్తం నీరసపడుతుంది, కాబట్టి డిసెంబరులో పొద్దున, సాయంత్రం నీడ ఎక్కడి దాకా వస్తుందో చూసి స్టాండు పాతించండి. వారానికోసారి తెల్లవారగానే మెత్తటి గుడ్డతో తుడవండి. నడి ఎండలో చన్నీళ్లు పోస్తే అద్దం పగలొచ్చు. ఉప్పు బోరు నీళ్లతో కడిగితే తెల్లటి పొర కడుతుంది. పిడుగు కడ్డీ, ఎర్తింగు గుంతలు లేకుండా బిల్లు ఇవ్వకండి. వాగు ఒడ్డున మాత్రం పెట్టొద్దు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఎక్కడి దాకా వచ్చిందో చూశాం, 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది.

ప్యానెల్‌కు పాతికేళ్ల గ్యారంటీ అంటే పాతికో ఏట కూడా 80 శాతం బలం ఉంటుందని. మోటారుకు, కంట్రోలరుకు అది వర్తించదు. సబ్సిడీ సెట్టుకు అయిదేళ్లు ఉచిత మరమ్మతు ఉంటుంది. ఖమ్మంలో కంపెనీ మనిషి ఉన్నాడా, ఎన్ని రోజుల్లో వస్తాడు అన్నది రాయించుకోండి.

దరఖాస్తుకు టీజీ రెడ్కో జిల్లా కార్యాలయం, మండల వ్యవసాయాధికారి చాలు. పీఎం-కుసుమ్ పేరుతో దొంగ వెబ్‌సైట్లు పెట్టి రిజిస్ట్రేషన్ డబ్బు గుంజుతున్నారని కేంద్ర ప్రభుత్వమే హెచ్చరించింది. ఫోనులో డబ్బు పంపమని ఎవరైనా అడిగితే పంపకండి. పాసుపుస్తకం, ఆధారు నకళ్లు ఇచ్చేటప్పుడు ఎందుకోసం ఇస్తున్నారో కాగితం మీదే అడ్డంగా రాసి ఇవ్వండి.