మీకు తెలుసా? నల్లమలలో పసుపు గొంతు పిగిలి

మార్కాపురం, గిద్దలూరు వాళ్లకు పడమటన కనిపించే నల్లమలలో ఓ అరుదైన పిగిలిపిట్ట ఉంది. పేరు కొండ పొదపిగిలి. ఊళ్లో తిరిగే పిగిలిపిట్టకున్న నల్ల కుచ్చు దీని నెత్తిన ఉండదు. తల, గొంతు పసుపు పూసినట్టుంటాయి, ఒళ్లు బూడిద రంగు. బండరాళ్ల గుట్టలు, వాటి నడుమ ముళ్లపొదలు, తినడానికి చిన్న పండ్లు, పురుగులు ఉంటే చాలు. మహా బిడియం దీనికి: కూత వినబడి వెతికేలోపే పొదలో దూరిపోతుంది!

దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన జెర్డన్ 1845లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఇప్పుడు గ్రానైటు క్వారీలు దాని గుట్టల్నే తొలిచేస్తున్నాయి.