మైక్రోవేవ్ ఓవెన్‌లో వంట: వేడి ఎక్కడ చేరుతుంది, ఎక్కడ చేరదు

పట్టణాలలోనే కాక మండల కేంద్రాలలో కూడా నేడు మైక్రోవేవ్ ఓవెన్ వంటింటి సామగ్రిలో ఒకటిగా చేరింది. శిక్షణా కార్యక్రమాలలో దీనిని గురించి గృహిణులు అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ఆ కిరణాలు ఆహారంలో మిగిలిపోతాయా? నిన్నటి అన్నాన్ని ఎంతసేపు బయట ఉంచి తిరిగి వేడి చేయవచ్చునని అడిగేవారు అరుదు. నిజమైన అపాయం ఈ అడగని ప్రశ్నలోనే ఉన్నది.

మొదటి ప్రశ్నకు సమాధానం చిన్నది. అమెరికాలో రాడార్ల కోసం తయారైన మాగ్నెట్రాన్ దగ్గర పనిచేస్తున్న పెర్సీ స్పెన్సర్ 1945లో తన జేబులోని మిఠాయి కరగడం గమనించడంతో ఈ సాధనానికి బీజం పడింది. ఇళ్ళలో వాడే ఓవెన్లలో తరంగాల పౌనఃపున్యం 2450 మెగాహెర్ట్జ్. ఎక్స్-కిరణాల వలె పరమాణువులను అయనీకరణం చేసే శక్తి వీటికి లేదు. స్విచ్ ఆపగానే దీపపు వెలుగు ఆగినట్లే ఇవీ ఆగిపోతాయి, ఆహారంలో ఏమీ మిగలదు. తలుపు సరిగా మూసుకోని ఓవెన్‌ను, అంచు వంగిన ఓవెన్‌ను మాత్రం వాడరాదు.

ఆహారంలోని నీటి అణువులు ఈ తరంగాల ప్రభావంతో అటూ ఇటూ తిరిగే ప్రయత్నంలో వేడి పుడుతుంది. అందువలన ఆహారం లోపలి నుండి వెలుపలికి ఉడుకుతుందని కొన్ని పాఠాలలో కూడా చెబుతుంటారు. ఇది సరికాదు. తరంగాలు చాలా ఆహార పదార్థాలలో కొద్ది సెంటీమీటర్ల లోతు వరకే బలంగా చేరగలవు. అక్కడి నుండి నడిమి భాగానికి వేడి మామూలు వహనం ద్వారా, నెమ్మదిగానే చేరవలసి ఉంటుంది. పైగా లోహపు గోడల మధ్య తరంగాలు పరావర్తనం చెంది స్థిర తరంగాలుగా ఏర్పడినందున కొన్ని చోట్ల వేడి ఎక్కువగా, కొన్ని చోట్ల అతి తక్కువగా ఉంటుంది. తిరిగే పళ్ళెం ఉన్నది ఇందుకే. విద్యార్థులు దీనిని అప్పడాలతో సులభంగా చూడవచ్చు. పళ్ళెం తిరగకుండా చేసి, అప్పడాలు పరచి, కొద్దిసేపు మాత్రమే వేడి చేస్తే కొన్ని మచ్చలు పొంగి, వాటి మధ్య భాగం పచ్చిగా మిగులుతుంది. తరంగదైర్ఘ్యం సుమారు 12 సెంటీమీటర్లు కనుక ఆ మచ్చల మధ్య దూరం ఇంచుమించు అందులో సగం ఉంటుంది.

అప్పడంలో ఇది వినోదమే. ఫ్రిజ్ నుండి తీసిన కోడికూర గిన్నెలో మాత్రం కాదు. అంచున పులుసు కుతకుతలాడుతుండగా నడిమి ముక్క చల్లగానే ఉండవచ్చు. ఆవిరి చూసి వేడెక్కిందనుకోవడమే ఇక్కడి పొరపాటు. వెడల్పైన, లోతు తక్కువ పాత్ర వాడి, పెద్ద ముక్కలను అంచు వైపు వలయంగా అమర్చి, నడుమ కొంత ఖాళీ ఉంచాలి. మూత పెట్టి ఆవిరి పోవడానికి కొంచెం సందు వదలాలి. సగం సమయంలో ఆపి కలపాలి. ఓవెన్ ఆగిన తరువాత రెండు మూడు నిమిషాలు మూతతోనే ఉంచడం ఆలస్యం కాదు, అది వంటలో భాగమే; వేడి నడిమికి చేరేది ఆ సమయంలోనే. తిరిగి వేడి చేసిన ఆహారం అన్ని చోట్లా 74 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరాలి. గడ్డకట్టిన మాంసానికి మరింత జాగ్రత్త అవసరం. మంచు ఈ తరంగాలను చాలా తక్కువగా, నీరు ఎక్కువగా గ్రహిస్తుంది కనుక కరిగిన అంచు ఉడికిపోతుండగా లోపల గడ్డ అలాగే ఉంటుంది. అందుకే తక్కువ శక్తితో కరిగించి, కరిగిన వెంటనే వండాలి.

ఇక అన్నం సంగతి. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా సిద్ధబీజాలు బియ్యంలో సహజంగా ఉంటాయి. అన్నం ఉడికినా చావవు. గోరువెచ్చని అన్నంలో అవి మొలకెత్తి, వృద్ధి చెంది, వాంతులు కలిగించే విషపదార్థాన్ని విడుదల చేయగలవు. ఈ విషపదార్థం 121 డిగ్రీల వద్ద కూడా నశించదు. కాబట్టి రాత్రంతా గట్టుమీద ఉన్న అన్నాన్ని ఉదయం పొగలు కక్కేలా వేడి చేసినా అది సురక్షితం కాదు. వండిన రెండు గంటలలోపు, మన ఎండాకాలంలో గంటలోపే, పలుచగా పరచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టడమే మార్గం. రాత్రి అన్నంలో నీరో మజ్జిగో పోసి పులియబెట్టే చద్దన్నం వేరు. అక్కడ లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా పెరిగి పులుపు తెస్తాయి. దానిపై ఉన్న నమ్మకాన్ని గిన్నెలో మిగిలిన పొడి అన్నానికి వర్తింపజేయరాదు.

రుచి విషయంలో ఈ ఓవెన్‌ను అన్నిటికీ వాడాలని పట్టుబట్టడం అనవసరం. బియ్యం, కందిపప్పు నీరు పీల్చుకొని మెత్తబడడానికి వాటి సమయం అవి తీసుకుంటాయి. ప్రెషర్ కుక్కరే మేలు. తడి ఉన్నంతవరకు పైపొర 100 డిగ్రీలు దాటదు కనుక దోసెకు, వేపుడుకు రావలసిన ఎర్రదనం రాదు. పోపు పొయ్యి మీదే వేయాలి. ఆకుకూరలకు మాత్రం ఇది చక్కని సాధనం. కడిగిన తడితోనే, అదనపు నీరు లేకుండా మగ్గించవచ్చు. పారబోసే నీరు ఉండదు కనుక విటమిన్ సి, ఫోలేట్ ఎక్కువగా నిలుస్తాయి. వేరుశనగ గింజలను నిమిషానికొకసారి కలుపుతూ వేయించవచ్చు. లోపల మాడినా పైకి ఆలస్యంగా తెలుస్తుంది కనుక ఒకటి విరిచి చూడాలి. పరిమాణం రెట్టింపైతే సమయమూ దాదాపు రెట్టింపవుతుంది. 800 వాట్లకు 5 నిమిషాలని ఉన్న వంట 1000 వాట్ల ఓవెన్‌లో 4 నిమిషాలకే అవుతుంది.

మన వంటిళ్ళలో స్టీలు గిన్నెలే అధికం కనుక పాత్రల విషయం విడిగా చెప్పక తప్పదు. లోహం తరంగాలను తిప్పికొడుతుంది. అంచుల వద్ద నిప్పురవ్వలు రావచ్చు. బంగారు అంచున్న పింగాణీ, మెలమైన్ పళ్ళేలు, హోటల్ నుండి కూర తెచ్చిన పలుచని ప్లాస్టిక్ సంచులు పనికిరావు. వేడిని తట్టుకొనే గాజు అన్నిటికన్న మంచిది. పెంకుతో ఉన్న గుడ్డు పేలుతుంది. బంగాళదుంపకు గాట్లు పెట్టాలి. నున్నని గాజు కప్పులో మరీ వేడెక్కిన నీరు బుడగలు లేకుండా నిలకడగా కనిపించి, చెంచా తగలగానే ఒక్కసారిగా ఎగజిమ్మి ముఖాన్ని కాల్చగలదు. పసిపిల్లల పాల సీసాను ఇందులో వేడి చేయనేకూడదు. సీసా బయట గోరువెచ్చగా ఉన్నా లోపలి పాలు నోరు కాల్చే వేడిలో ఉండవచ్చు.

ప్రదర్శనలు నిర్వహించే శాస్త్రవేత్తలు ఓవెన్‌తో పాటు గుచ్చి చూసే ఉష్ణమాపకాన్ని కూడా వెంట తీసుకువెళ్ళాలి. ఫ్రిజ్‌లోని కూరను వేడి చేసి గిన్నె అంచున, నడుమ, అడుగున కొలిచి అంకెలను నల్లబల్లపై రాయాలి. కలిపి, మూడు నిమిషాలు ఆగి, అవే చోట్ల మళ్ళీ కొలిచి ఆ అంకెలను పక్కనే రాయాలి.