విహారపు పడవలో ఎందరు ఎక్కవచ్చును?

బెజవాడవద్ద కృష్ణానదిపై 1855లో ఆనకట్ట పూర్తియైన పిదప డెల్టా కాలువలు సేద్యమునకే గాక రవాణాకును ఉపయోగపడినవి. దుగ్గిరాల లాకులు దాటి కొమ్మమూరు కాలువలో ధాన్యపు పడవలు సాగిపోయిన రోజులను గూర్చి చుండూరు, తెనాలి ప్రాంతముల పెద్దలు ఇప్పటికిని చెప్పుకొందురు. అంచు నీటికి దగ్గరయగునంత బరువు వేసినను ఆ పడవలు తేలికగా ఒరిగెడివి కావు. బరువు ఎక్కువైనచో పడవ తిరుగబడునని మనము సాధారణముగా అనుకొందుము. కాని బరువు ఎంత అనుటకంటె, అది ఎక్కడ ఉన్నది అనునదే ముఖ్యము.

ఇందుకు ఒక విషాదకరమైన నిదర్శనము కలదు. అమెరికాలో, న్యూయార్కు రాష్ట్రమునందు లేక్ జార్జి అను సరస్సు ఉన్నది. మంచుయుగములో హిమానీనదము ఒక లోయను దొలిచి, కరగి వెనుదీయునపుడు రాళ్లను, మట్టిని అడ్డముగా వదలిపోయినది. ఆ లోయలో నిలిచిన నీరే ఈ సరస్సు. పొడవు సుమారు 51 కిలోమీటర్లు. వెడల్పు అందులో పదవవంతైనను ఉండదు. ఇరువైపుల కొండలు. చూపరులకు పాపికొండల నడుమ గోదావరి జ్ఞాపకమునకు వచ్చును. 1817 నుండియు అచట ఆవిరి పడవలు తిరిగినవి.

2005 అక్టోబరు 2వ తేదీన ఈతన్ ఆలెన్ అను విహారపు పడవ 47 మంది ప్రయాణికులతో ఈ సరస్సులో తిరుగుచుండెను. అందు పెక్కుమంది వృద్ధులు. ప్రక్కగా వచ్చిన అలలు తగిలినవి; పడవ మలుపు తిరిగినది; బల్లలపై కూర్చున్నవారు ఒక వైపునకు జారిరి. క్షణములలో పడవ బోర్లపడినది. 20 మంది మరణించిరి. లైఫ్ జాకెట్లు పడవలోనే ఉన్నవి గాని, ఎవరును ధరించియుండలేదు.

ఇట్లు ఏల జరిగెను? పడవ బరువంతయు గరిమనాభి గుండా క్రిందికి పనిచేయును. నీటి ఉత్ప్లవన బలము, మునిగిన భాగపు మధ్యబిందువు గుండా పైకి పనిచేయును. పడవ ఒరిగినపుడు, ఒరిగిన వైపున ఎక్కువ భాగము మునుగును గనుక ఈ మధ్యబిందువు ఆ వైపునకు జరుగును. గరిమనాభి తగినంత క్రిందుగా ఉన్నచో ఈ రెండు బలములు కలిసి పడవను మరల నిలబెట్టును. అది మిక్కిలి ఎత్తుగా ఉన్నను, ప్రక్కకు జరిగినను, అవే రెండు బలములు పడవను పడద్రోయును. ధాన్యపు బస్తా పడవ అడుగున కదలక ఉండును. మనుష్యుడో, బల్లపై ఎత్తున కూర్చుండును, లేచును, జారును.

తరగతిలో దీనిని చూపుట కష్టము కాదు. తొట్టిలో నీరు పోసి రేకు పెట్టె మూతను తేలవేసి, అందు గులకరాళ్లు పరచి అంచును వ్రేలితో నొక్కవలెను. ఒరిగి మరల లేచును. అవే రాళ్లను ఒక ఎత్తైన గ్లాసులో పోసి మూత నడుమ నిలిపి చూడుడు. అంతే బరువు, అయినను ఈసారి ఎంత తేలికగా తలక్రిందులగునో తెలియును.

ఈతన్ ఆలెన్‌కు 48 మంది ప్రయాణికులను ఎక్కించుటకు అనుమతి ఉండెను! మనిషికి 140 పౌనులు, అనగా 63.5 కిలోలని లెక్కగట్టిరి. ఆ దినమున ఎక్కినవారి సగటు బరువు 178 పౌనులు, దాదాపు 81 కిలోలు. 47 మందికి ఈ తేడా దాదాపు 810 కిలోలు. మన 75 కిలోల ధాన్యపు బస్తాలు దాదాపు పదకొండు, అదియు అడుగున గాక బల్లలపై పెట్టినట్లు. పైగా అంతకుముందు పడవపై గుడ్డ పందిరి తీసి కొయ్య కప్పు వేసిరి, కాని స్థిరత్వమును మరల పరీక్షింపలేదు. విచారణ జరిపిన జాతీయ రవాణా భద్రతా సంఘము, సరియైన లెక్క ప్రకారము ఆ పడవ 14 మందికే తగినదని తేల్చినది. 2011లో అమెరికా కోస్ట్ గార్డు, లెక్కకు తీసుకొను సగటు బరువును 160 పౌనులనుండి 185 పౌనులకు పెంచినది.

మన గోదావరిపై 2019 సెప్టెంబరు 15న కచ్చులూరువద్ద పాపికొండల విహారపు పడవ మునిగి అనేకులు మరణించిరి. అచట వరద ప్రవాహము అను మరియొక బలము కూడ ఉండెను. నిశ్చలమైన నీటికి చేసిన లెక్క అట్టిచోట చాలదు. రెండంతస్తుల పడవలో దృశ్యము బాగుగా కనబడునని అందరును పై అంతస్తునకు ఎక్కినచో గరిమనాభియు వారితోనే పైకెక్కును. ఒడ్డున ఏదో వింత కనబడి అందరు ఒకే కమ్మీవద్దకు చేరినచో అది ప్రక్కకును జరుగును. అందుచేత పడవపై వ్రాసిన ఒక్క సంఖ్య చాలదు. పై అంతస్తున ఎందరు, క్రింద ఎందరు అని వేరువేరుగా లెక్కగట్టవలసియుండును.