నాదర్‌గుల్ శీతోష్ణస్థితి

వేసవి వచ్చినపుడు ఎండను తలంచి నిట్టూర్చుటయు, వాన కురిసినపుడు వీథులను చూచి విసుగుకొనుటయు మన యూరివారికి వాడుకయై యున్నది. ఎండ యేల కాయుచున్నదో, వాన యెచ్చటనుండి వచ్చుచున్నదో తెలిసికొనినచో విసుగు తగ్గి జాగ్రత్త పెరుగును. కావున బాలబాలికలకును వారి తలిదండ్రులకును ఉపయోగించునని తలంచి మేమీ సంగతులను వ్రాయుచున్నాము.

ఒకనాటి యెండ, వాన, గాలులను వాతావరణమందుము. ముప్పది సంవత్సరముల లెక్కలు చూచి, ఈ మాసమున నిచ్చట సామాన్యముగా నిట్లుండునని చెప్పదగినదానిని శీతోష్ణస్థితి యందుము. మన ప్రాంతపు లెక్కలకు బేగంపేటలోని వాతావరణ కేంద్రమే ఆధారము. ఇందు చెప్పబోవు అంకెలు అచ్చటివే.

నాదర్‌గుల్ రంగారెడ్డి జిల్లా బాలాపూరు మండలములో, హైదరాబాదు నగరమునకు ఆగ్నేయమున నున్నది. ఇది 17వ అక్షాంశమునకు కొంచెము ఉత్తరముగ, సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైయెత్తున, దక్కను పీఠభూమిమీద నున్న తావు. తూర్పు సముద్రమును పడమటి సముద్రమును వందల కిలోమీటర్ల దూరమున నున్నవి. సముద్రము చేరువనున్న యూళ్లలో దాని గాలి యెండను చల్లార్చి, చలిని తగ్గించును. మన కట్టి సాయము లేదు. కావున మన యెండ పొడియైన యెండ. మన చలి తెల్లవారుజామున గిల్లెడి చలి.

ఫాల్గుణము గడచినది మొదలు ఎండ ముదురును. మే నెల 9వ తేదీ ప్రాంతమున మధ్యాహ్నపు సూర్యుడు సరిగా మన నడినెత్తిమీద నుండును. ఆ వేళ నిలువుకఱ్ఱకు నీడయే యుండదు. ఆ మాసమున పగటి వేడి 39, 40 డిగ్రీల సెంటిగ్రేడు దాకా సామాన్యముగా పెరుగును. 1966 జూను 2వ తేదీన 45.5 డిగ్రీలు నమోదయ్యెను. వాయవ్యమునుండి వీచు పొడిగాలి దేహములోని తడిని హరించును, అదియే వడగాలి. ఒక్కొక సాయంకాలము మబ్బులు క్రమ్మి ఉరుములతో మామిడి వానయో, వడగండ్ల వానయో కురిసి క్షణకాలము చల్లబరచును. అట్టివేళ చెట్టుక్రింద నిలుచుట పిడుగును పిలుచుట యని పిల్లలు మరువరాదు.

ఆగష్టు మొదటివారమున సూర్యుడు మరల మన నడినెత్తికి వచ్చును. అయినను అప్పుడు మే నెలవలె వేడి లేదు. కారణమేమి? మధ్య కాలమున నైరృతి ఋతుపవనము వచ్చి ఆకాశమున మబ్బుల పందిరి వేయును. తడిసిన నేలనుండి నీరు ఆవిరియగుచు వేడిని తీసికొనిపోవును.

ఈ ఋతుపవనము సామాన్యముగా జూను రెండవ వారమున మనలను చేరును. అరేబియా సముద్రమునుండి వచ్చు గాలి పడమటి కనుమలను ఎక్కునప్పుడే తన నీటిలో అధికభాగమును అచ్చటనే కురిపించును. అందువలన కనుమల మీది మహాబలేశ్వరములో ఏటికి 5,000 మిల్లీమీటర్లకు మించి కురియగా, మనకు దక్కునది సుమారు 800 మిల్లీమీటర్లు. ఇందు నాలుగింట మూడుపాళ్లు జూను మొదలు సెప్టెంబరు వరకు కురియును. బంగాళాఖాతమున పుట్టిన అల్పపీడనములు ఇటు సాగివచ్చినపుడే మనకు పెద్దవానలు. ఏడాదిలో సుమారు 50 దినములే చెప్పుకొనదగిన వాన పడు దినములు. తక్కిన మూడువందల దినములకును ఆ నీరే ఆధారము.

మన పెద్దలు ఈ కాలక్రమమును కార్తెలతో లెక్కించిరి. సూర్యుడు ఒక్కొక నక్షత్రమునందు పదుమూడు, పదునాలుగు దినము లుండును, అదియే కార్తె. మే 25 ప్రాంతమున రోహిణి ప్రవేశించును. రోహిణి కార్తెలో రోళ్లు పగులునని సామెత. జూను 8 ప్రాంతమున మృగశిర చల్లబరచును. పిమ్మట ఆరుద్ర వానలకు రైతులు విత్తనము చల్లుదురు. ఇందొక వింత కలదు. భూమియొక్క అక్షము బొంగరమువలె మెల్లగా తూలుటచే, ఋతువులతో పోల్చిచూడగా కార్తెలు 72 సంవత్సరముల కొక దినము చొప్పున వెనుకబడుచున్నవి. వెయ్యేండ్ల కిది ఒక కార్తె యంత యగును. కావున సామెత యనుభవమునకు ప్రమాణమేకాని, తేదీకి ప్రమాణము కాదు.

అక్టోబరు నడుమ ఋతుపవనము మరలిపోగా ఆకాశము నిర్మలమగును. మబ్బు దుప్పటి లేని రాత్రులలో నేల తన వేడిని త్వరగా కోల్పోవును. డిసెంబరు, జనవరి రాత్రులలో వేడిమి సామాన్యముగా 15 డిగ్రీల దరికి దిగును. 1946 జనవరి 8వ తేదీన 6.1 డిగ్రీలు నమోదయ్యెను. నగరపు నడుమ సిమెంటు కట్టడములు పగటి వేడిని దాచుకొని రాత్రి విడుచును. పొలములు, చెట్లు గల శివారులలో చలి మరికొంత హెచ్చు.

ఇక ముఖ్యమైన మాట. మన నేల క్రింద నల్లరాయి; పైని ఎఱ్ఱమన్ను పలుచన. పెద్దవాన పడినచో నీరు లోని కింకక పల్లమునకు పరుగిడును. ఆ పరుగును ఆపుటకే పూర్వులు ఒక చెరువు అలుగు పారి మరియొక చెరువు నిండునట్లు గొలుసుకట్టు చెరువులను త్రవ్వించిరి. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి వేలమందిని పొట్టబెట్టుకొన్న పిమ్మట, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై నగరమునకు ఎగువను ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు వెలసినవి. అవి నదిని కొంత అదుపు చేసినవి. కాని మన ప్రాంతపు వాగులకు మన చెరువులే దిక్కు.

2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరముదాటిన వాయుగుండము ఆ రాత్రికే హైదరాబాదును ముంచెత్తెను. బేగంపేటలో ఒక్కదినమున సుమారు 190 మిల్లీమీటర్లు కురిసెను. సరూర్‌నగరు చెరువు దిగువ కాలనీలు నీట మునిగెను. కొన్ని దినములకే బాలాపూరు గుఱ్ఱం చెరువు కట్ట తెగెను. అంతటి వాన క్రొత్తది కాదు; 2000 ఆగష్టు 24న అంతకంటె నధికముగ 240 మిల్లీమీటర్లు కురిసియుండెను. క్రొత్తది వాన కాదు, నీటిదారిలో లేచిన ఇండ్లు. వాగు ఎండిన దినమున అది ఖాళీస్థలమువలె కనబడును. వాన వచ్చిన దినమున తన దారిని తాను వెదకికొనును. తలిదండ్రులు స్థలము కొనునపుడు ధరనే కాక, వాననీరు పారుదారిని కూడ విచారింపవలెను.

విద్యార్థులు చేయదగిన పని యొకటి కలదు. అడుగు చదునై, అంచులు నిలువుగానున్న డబ్బా నొకదానిని గోడలకు చెట్లకు దూరముగా నుంచి, ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నరకు నీటి లోతును మిల్లీమీటర్లలో కొలిచి, పుస్తకమున వ్రాసికొని, నీటిని పారబోయవలెను. చదరపు మీటరు చోట ఒక మిల్లీమీటరు వానయనగా ఒక లీటరు నీరు. నూరు చదరపు మీటర్ల మిద్దెపై ఏటి వాన 80,000 లీటర్లగును. ఇంకుడుగుంత త్రవ్వినచో ఆ నీరు వేసవిలో మన బావికి మేలు చేయును. లేనిచో పొరుగువాని యిల్లు ముంచును. ఆకాశము మన చేతిలో లేదు; నేల మన చేతిలో నున్నది.