మిల్లీమీటరు దారిలో గాలి

ఆదిలాబాద్ అడవుల్లో వెదురుకు కొదవ లేదు. కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ పేపర్ మిల్లు దశాబ్దాల పాటు ఆ వెదురునే నానబెట్టి, ఉడకబెట్టి కాగితం చేసింది. కొలాం ఆదివాసులు, మేదరులు దానితోనే తట్టలు, బుట్టలు, చాటలు అల్లుతున్నారు. అంత వెదురు పక్కనే ఉన్నా మంచి వేణువుకు కావలసిన గొట్టం మాత్రం ఆ అడవిలో అరుదు. అక్కడ ఎక్కువగా పెరిగేది డెండ్రోకలామస్ స్ట్రిక్టస్ అనే గట్టి రకం. నీళ్లు తక్కువైన రాతి నేలల్లో దాని గోడ మందమై, లోపలి బోలు సన్నబడి, కొన్నిచోట్ల పూర్తిగా మూసుకుపోతుంది. లాఠీకి, నిచ్చెనకు, పందిరి గుంజకు అంతకన్నా మేలైనది లేదు. వేణువుకు కావలసింది ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. గోడ పలచగా ఉండాలి, కణుపుకు కణుపుకు మధ్య జానెడు పైనే దూరం ఉండాలి, లోపలి బోలు గుండ్రంగా సమంగా సాగాలి. వేణువుల తయారీకి దేశమంతా పేరున్న ఉత్తరప్రదేశ్ పట్టణం పీలీభీత్ కూడా అలాంటి వెదురును అస్సాం నుంచే తెప్పించుకుంటుంది.

సరైన వెదురు దొరికినా పని అక్కడితో అయిపోదు. ఏ రెండు కణుపుల లోపలి కొలతలూ ఒకటి కావు. అందుకే తయారీదారు ప్రతి గొట్టాన్నీ విడిగా విని, ఒక్కో రంధ్రాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ స్వరానికి తేవాలి. మంచి వెదురు వేణువుకు మనం ఇచ్చే డబ్బులో ఎక్కువ భాగం వెదురుది కాదు, ఆ చెవిది. జాతరలో గుత్తులుగా అమ్మే చవక పిల్లనగ్రోవిలో లేనిది ఆ చెవి పెట్టిన సమయమే. తక్కువ ధరకే స్వరం తప్పని పిల్లనగ్రోవి పిల్లల చేతికి అందించడం ఎలా? ఈ ప్రశ్నకు వెదురుతో సంబంధం లేని ఒక జవాబు పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు పల్లెల్లో దొరికింది. దాన్ని టిన్ విజిల్ అంటారు. తగరం పూసిన ఇనుప రేకును చుట్టి, ఆరు రంధ్రాలు పెట్టి, నోటి దగ్గర కర్రముక్క బిగించిన పిల్లనగ్రోవి అది.

ఊదే గొట్టం మనిషికి చాలా పాత తోడు. 2008లో జర్మనీలోని హోలే ఫెల్స్ గుహలో రాబందు ఎముకతో చేసిన ఐదు రంధ్రాల వేణువు దొరికింది. దాని వయసు 35 వేల ఏళ్లకు పైమాటే. ఆ తర్వాత ఈ వంశం ఎన్నో శాఖలైంది. మనకు ముఖ్యమైనవి రెండు. ఒకటి అడ్డంగా పట్టుకుని, పెదవులతో గాలిని మలిచి ఊదే కృష్ణుడి వేణువు. రెండోది నిలువుగా నోట్లో పెట్టుకుని ఊదేది. ఇందులో గాలిని మలిచే పని పెదవులది కాదు, గొట్టం కొనలో బిగించిన బిరడాది. జాతర పిల్లనగ్రోవుల్లో చాలా భాగం ఈ రెండో రకమే. టిన్ విజిల్ కూడా ఈ ఇంటిదే.

ఇందులో శబ్దం ఎలా పుడుతుందో తెలిస్తే ఏది కొనాలో సగం తెలిసినట్టే. నాగోబా జాతరకు కేస్లాపూర్‌లో డోలుతో పాటు మోగే పెప్రెలో ఆకులాంటి పీక ఉంటుంది. అది కొట్టుకుంటేనే శబ్దం. పిల్లనగ్రోవిలో అలా కదిలే భాగం ఏదీ లేదు. బిరడాకూ గొట్టం పైకప్పుకూ మధ్య మిల్లీమీటరు అటూ ఇటూ ఎత్తున్న సన్నని దారి ఉంటుంది. మన ఊపిరి ఆ దారిలో పలచని రిబ్బనులా సాగి, చిన్న కిటికీ దాటి, ఎదురుగా ఉన్న పదునైన అంచును తాకుతుంది. అంచు దగ్గర ఆ గాలి ఒకసారి గొట్టం లోపలికి, ఒకసారి బయటికి ఊగుతుంది. ఎంత వేగంగా ఊగాలో లోపలున్న గాలిస్తంభం నిర్ణయిస్తుంది. ఇక్కడ పీక గాలే.

రెండు కొనలూ తెరిచి ఉన్న గొట్టంలో అతి మంద్ర స్వరానికి శబ్దతరంగంలో సగం పొడవు ఇముడుతుంది. సాధారణంగా దొరికే డి విజిల్‌లో అన్ని రంధ్రాలూ మూసి ఊదితే సెకనుకు 587 కంపనాలు రావాలి. 30 డిగ్రీల వేడిలో ధ్వని సెకనుకు సుమారు 349 మీటర్లు పోతుంది. లెక్క కడితే సగం తరంగం 29.7 సెంటీమీటర్లు. లోపలి గాలి కొనలు దాటి కొంచెం బయటికి కూడా కంపిస్తుంది కాబట్టి కిటికీ నుంచి కొన దాకా గొట్టం ఇంకాస్త పొట్టిగా ఉంటే చాలు. ఊపిరి గట్టిగా పెడితే గాలి కిటికీని త్వరగా దాటుతుంది, ఊగే వేగం పెరుగుతుంది, స్వరం ఒక్కసారిగా పై స్థాయికి ఎగురుతుంది. అవే వేళ్లతో మధ్య స్థాయి, తారస్థాయి రెండూ పలకడానికి కారణం ఇదే.

అంటే వాద్యం బాగోగులన్నీ నోటి దగ్గరి ఆ కొద్ది మిల్లీమీటర్లలో తేలిపోతాయి. గాలిదారి మరీ సన్నమైతే ఊపిరి తక్కువ పడుతుంది కానీ తేమకు ఇట్టే పూడుకుపోతుంది. వెడల్పైతే స్వరం నిండుగా ఉంటుంది, పిల్లలకు ఊపిరి చాలదు. కిటికీ పొడవు పెరిగితే కింది స్వరాలకు బలం వస్తుంది, పై స్వరాలకు శ్రమ పెరుగుతుంది. అంచు మీద కోత సమయంలో మిగిలిన గరుకు చాలు, స్వరంలో బుస్సుమనే చప్పుడు చేరడానికి.

ఇంగ్లండులో సఫోక్ ప్రాంతపు కోనీ వెస్టన్ గ్రామానికి చెందిన రైతుకూలీ రాబర్ట్ క్లార్క్ దగ్గర ఒక చెక్క విజిల్ ఉండేదట. అప్పటికి తగరపు రేకు చవకగా దొరకడం మొదలైంది. 1843లో అతను తన విజిల్‌ను రేకుతో చేసి చూశాడు. తర్వాత పనిముట్లు తోపుడు బండి మీద వేసుకుని, దారిపొడవునా సంతల్లో వాయిస్తూ అమ్ముతూ మాంచెస్టర్ దాకా నడిచాడని అతని కంపెనీ చెప్పుకునే కథ. రేకు విజిళ్లు అంతకుముందూ ఉన్నాయి. అయినా ఒకే కొలతతో వేలకొద్దీ చేసి, కూలీ పిల్లవాడు కొనగలిగే ధరకు అమ్మిన ఘనత అతనిదే. క్లార్క్ గొట్టం కొనవైపు సన్నబడుతుంది. రేకును అచ్చు మీద చుట్టి వెనక అతుకు వేసి, నోటి దగ్గర కర్రముక్క దిగ్గొడతారు. దాదాపు అదే రూపంలో ఇప్పటికీ తయారవుతోంది. దాని స్వరంలో కొంత గాలి కలిసి ఉంటుంది, కొందరికి ఆ గాలే ఇష్టం.

ఇరవయ్యో శతాబ్దంలో ఇత్తడి గొట్టాలు, వాటికి ప్లాస్టిక్ తలలు వచ్చాయి. జనరేషన్ అనే పేరుతో వచ్చినవి ఐర్లండ్ అంతటా పాకాయి. 1950లలో జోహన్నెస్‌బర్గ్ వీధుల్లో నల్లజాతి కుర్రవాళ్లు ఈ వాద్యంతోనే క్వేలా అనే కొత్త సంగీతాన్ని పుట్టించారు. స్పోక్స్ మషియానే లాంటి వాళ్లు దాని మీదే పెద్ద పేరు తెచ్చుకున్నారు. ఐర్లండులో మేరీ బెర్గిన్ 1979లో తెచ్చిన రికార్డు విన్నవాళ్లు దాన్ని పిల్లల ఆటవస్తువు అనడం మానేశారు. ఖరీదైన వాద్యాలు అందని చోటే ఇది ఎదిగింది. నాకు దీని మీద ఉన్న గౌరవానికి సగం కారణం అదే.

ఇత్తడి మంచిదా, రేకు మంచిదా, వెదురే మంచిదా అని కొనేవాళ్లు తప్పక అడుగుతారు. అమెరికా భౌతికశాస్త్రవేత్త జాన్ కోల్ట్‌మన్ 1971లో ప్రచురించిన ప్రయోగం దీనికి జవాబిస్తుంది. వెండి, రాగి, చెక్కలతో ఒకే కొలతల వేణువు గొట్టాలు చేయించి, అన్నింటికీ ఒకేలాంటి తలలు బిగించి, కంటికి కనబడకుండా వినిపించాడు. విన్నవాళ్లు తేడా పట్టలేకపోయారు, వాయించినవాళ్లూ పట్టలేకపోయారు. కంపించేది గాలిస్తంభం, గొట్టం గోడ కాదు. లోపలి నున్నదనం, రంధ్రాల అంచులు, కిటికీ కొలతలు ఒకటైతే లోహం పేరుతో స్వరం మారదు. కాబట్టి మెరుగు కోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. ప్లంబింగ్ దుకాణంలో దొరికే పీవీసీ గొట్టంతో కూడా శ్రద్ధగా చేస్తే స్వరం తప్పని పిల్లనగ్రోవి వస్తుంది.

మన దగ్గర మాత్రం ఇంకో సంగతి చూసుకోవాలి. ఆదిలాబాద్ చలికాలపు తెల్లవారుజామున 10 డిగ్రీలు, రామగుండం మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీలు మనకు కొత్త కాదు. గాలి వేడెక్కితే ధ్వని వేగం సెకనుకు 337 మీటర్ల నుంచి 357 మీటర్లకు పెరుగుతుంది. గొట్టం పొడవు మారదు కనుక స్వరం అదే నిష్పత్తిలో పైకి పోతుంది, ఇంచుమించు ఒక స్వరస్థానం మేర. మన ఊపిరి వెచ్చదనం లోపలి గాలిని కొంత సమం చేస్తుంది కాబట్టి వాస్తవంలో తేడా అంత ఉండదు. అయినా చలిలో, ఎండలో ఒకే శ్రుతిపెట్టెతో కలిపి వాయిస్తే చెవికి తెలుస్తుంది. అందుకే తల ముందుకు వెనక్కు జరిగే విజిల్ ఇక్కడ ఎక్కువ పనికొస్తుంది. తల అతికించి ఉంటే వేడినీళ్లలో కాసేపు ముంచి మెల్లగా తిప్పితే జిగురు వదులుతుంది. వెదురుకైతే ఈ ఎండే పెద్ద గండం. నూనె పట్టించకపోతే, దారం బిగించి కట్టకపోతే పొడుగునా చీలుతుంది.

దుకాణంలో గానీ జాతరలో గానీ ముందు గొట్టంలోంచి వెలుగుకేసి చూడండి. కిటికీ అంచు తిన్నగా, నున్నగా ఉందా, గాలిదారికి ఎదురుగా పడుతోందా అన్నది కంటికే తెలుస్తుంది. తర్వాత ఆరు రంధ్రాలూ మూసి మెత్తగా ఊదండి. కింది షడ్జమం వణకకుండా నిలిస్తే మంచి గుర్తు. ఊపిరి కొంచెం పెంచితే పై షడ్జమం పలకాలి, రెండూ ఒకే శ్రుతిలో ఉండాలి. రెండూ కలవకపోతే ఆ వాద్యాన్ని అక్కడే వదిలేయండి, ఇంట్లో దాన్ని బాగుచేసే దారి లేదు. పైస్థాయి పంచమం కూడా ఊపిరి బిగబట్టకుండానే రావాలి.

రంధ్రాల దూరాలు కూడా చూడాలి. జాతర పిల్లనగ్రోవుల్లో చాలావాటికి అందం కోసం రంధ్రాలు సమదూరంలో పెడతారు. శంకరాభరణం మెట్లలో గాంధారానికీ మధ్యమానికీ మధ్య దూరం తక్కువ. కాబట్టి ఆ రెండు రంధ్రాలూ దగ్గరగా ఉండాలి, లేదంటే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది కావాలి. అన్నీ ఒకే సైజులో, ఒకే దూరంలో ఉంటే ఎంత బాగా ఊదినా సరిగమలు కుదరవు.

ఏ శ్రుతి కొనాలో తేల్చుకోలేనివాళ్లకు డి, అంటే మన లెక్కలో రెండు శ్రుతి, బాగా సరిపోతుంది. గొట్టం పొట్టిది కనుక చిన్న వేళ్లకు అందుతుంది, నేర్పే పాఠాలూ దానికే ఎక్కువ. క్లార్క్ వాళ్లదే స్వీటోన్‌లో రేకు గొట్టానికి ప్లాస్టిక్ తల ఉంటుంది. ఊపిరి తక్కువ పడుతుంది, మొదటి రోజే పలుకుతుంది. మొదటిసారి కొనేవాళ్లకు నేను చెప్పేది అదే. ఊళ్లోనే కొనాలంటే ఒక మంచి కంపెనీ ప్లాస్టిక్ రికార్డర్ తీసుకోవచ్చు. రంధ్రాలు ఎక్కువ, వేళ్ల పద్ధతి వేరు, స్వరం మాత్రం నమ్మకంగా ఉంటుంది.

సంగీతం మీద ప్రేమ ఉన్న తెలుగు పిల్లలకు ఈ ఆరు రంధ్రాల గొట్టం ఇచ్చేది ఇంకొకటుంది. అన్నీ మూసినప్పటి స్వరాన్ని షడ్జమం అనుకుంటే ధీరశంకరాభరణం. కింది రంధ్రం ఒక్కటి తెరిచి అక్కడ షడ్జమం పెట్టుకుంటే అవే స్వరాలు ఖరహరప్రియ అవుతాయి. ఇంకొకటి తెరిస్తే తోడి, మూడు తెరిస్తే కల్యాణి, నాలుగు తెరిస్తే హరికాంభోజి, ఐదు తెరిస్తే నఠభైరవి. మన పండితులు గ్రహభేదం పేరుతో చెప్పే పాఠం వేళ్ల కిందే జరిగిపోతుంది. కర్ణాటక వేణువులో పైనున్న రెండు రంధ్రాలు మూసి షడ్జమం పలికిస్తారు కనుక సహజంగా వచ్చేది హరికాంభోజి. విజిల్ మీద కూడా అదే చోట షడ్జమం పెట్టి అభ్యాసం చేస్తే, రేపు వెదురు పట్టుకున్నప్పుడు వేళ్లు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు.

దీనికి హద్దులున్నాయి. గాలిదారి స్థిరంగా బిగిసి ఉండటమే దీని సుగుణం, అదే దీని లోపం. అడ్డ వేణువులో పెదవిని వాల్చి స్వరాన్ని కొంచెం దించవచ్చు, ఊపిరి తగ్గించినా శ్రుతి నిలపవచ్చు. ఇందులో మెత్తగా ఊదితే స్వరం దిగుతుంది, గట్టిగా ఊదితే ఎక్కుతుంది. గమకాలు వేళ్లను సగం జరిపి తెచ్చుకోవలసిందే. తోడి గాంధారాన్ని దీని మీద పలికించడం పెద్ద విద్వాంసులకూ కష్టం. మోహనం అంత కష్టపెట్టదు. అన్నీ మూసి మొదలుపెట్టి స రి గ ప ద అనే ఐదు మెట్లు ఎక్కితే చాలు.

కొన్నది సరిగ్గా లేదని పారేయకండి. ప్లాస్టిక్ తలల్లో చాలావాటికి గాలిదారి కింద, కిటికీకి లోపలివైపు ఒక గుంట ఉంటుంది. అచ్చు సౌకర్యం కోసం వదిలిన ఆ ఖాళీ కింది స్వరాలను బలహీనపరుస్తుంది. తేనెమైనాన్ని వేళ్లతో మెత్తబరిచి ఆ గుంటను నింపి, పైభాగం గాలిదారి నేలతో సమంగా నున్న చేస్తే షడ్జమం నిలకడగా పలుకుతుంది. అంచు మీద గరుకుంటే గోరంత ఇసుక కాగితంతో ఒక్కసారి రుద్దితే సరి, రెండోసారి రుద్దితే పదును పోతుంది. వాయించాక గాలిదారిలో తేమ చేరితే కిటికీని వేలితో మూసి ఒక్క ఊదు ఊదాలి. నోరు కడుక్కోకుండా వాయిస్తే అన్నం మెతుకులు, తీపి ఆ మిల్లీమీటరు సందులోనే అతుక్కుంటాయి. వారానికోసారి తల విడదీసి గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టండి.