ఈనబోవు పందికి గడ్డిపాన్పు – పిల్లల ప్రాణరక్షణ

పందులను పెంచు రైతులకు పెద్ద నష్టము పిల్లలు పుట్టిన తొలి మూడు దినములలోనే కలుగుచున్నది. సజీవముగా పుట్టి చనిపోవు పిల్లలలో పెక్కు ఈ గడువులోనే చనిపోవును. తల్లిక్రింద పడి నలుగుట, చలి, ఆకలి అనునవి ముఖ్యకారణములు. ఈ మూడును ఒకదానితో నొకటి పెనవేసుకొని యున్నవి. చలికి వణకు పిల్ల పాలు కుడువజాలదు. పాలు లేని పిల్ల నీరసించి వెచ్చదనమునకై తల్లిని అంటిపెట్టుకొని యుండును. తల్లి పండుకొనునపుడు అట్టి పిల్లయే తప్పించుకొనలేక నలిగిపోవును. కావున తల్లిని నిందించుటకు ముందు, దానికి కావలసినది మనము సమకూర్చితిమా యని విచారింపవలయును.

ఈనుటకు ముందు నడవడి

పందికి చూలు సుమారు 114 దినములు, అనగా మూడు మాసముల మూడు వారముల మూడు దినములు. ఈనుటకు ఇంచుమించు ఒక దినము ముందునుండి అది నిలుకడ లేక తిరుగును, ముట్టెతో నేల త్రవ్వును, గిట్టలతో గీరును, గడ్డిని నోట కరచి తెచ్చి ప్రోగుచేయును. ఇది రోగము కాదు. పిల్లలకై పాన్పు కట్టుకొనుట.

ఈ విద్య దానికి ఎవరును నేర్పలేదు. స్కాట్లండులోని ఎడింబరో ప్రాంతమున స్టోల్బా, వుడ్‌గష్ అను శాస్త్రజ్ఞులు పెంపుడు పందులను చెట్లు, పొదలు గల ఆవరణమున విడిచి పరిశీలించిరి. అవియు ఈనుటకు ముందు మందను విడిచిపోయి గూడు కట్టుకొనెనని 1989లో ప్రకటించిరి. తరతరములుగా దొడ్డిలో పెరిగినను ఆ స్వభావము నశింపలేదు.

గడ్డి దొరకిన పంది తన పని ముగించి, శాంతించి, ఒక ప్రక్కకు పండుకొని ఈనును. గడ్డి లేనిచోను, చోటు ఇరుకైనచోను కలవరపడి మాటిమాటికి లేచుచు, పండుకొనుచు నుండును. ఆ కలవరమువలన ఈనుట ఆలస్యము కావచ్చును. అట్లయిన కడపట పుట్టు పిల్లలు ఊపిరాడక నీరసించియో, చచ్చియో పుట్టును.

తొలి దినము పాలు

పందిపిల్లకు దట్టమైన రోమము లేదు. ఒంట క్రొవ్వు అత్యల్పము. రోగముల నెదిరించు శక్తి గర్భమున నుండగా తల్లినుండి దానికి చేరదు, ముర్రుపాలవలననే చేరవలెను. సుమారు 24 గంటలు గడచిన పిమ్మట పిల్ల పేగులు ఆ శక్తిని గ్రహింపజాలవు. కావున తల్లి కదలక పండుకొని పాలిచ్చు ఆ కొలది గంటలమీదనే పిల్లల బ్రతుకు ఆధారపడి యున్నది.

రైతులు చేయవలసినవి

1. ఈనుటకు ఒక వారము ముందే పందిని శుభ్రమైన, వెనుకకు మరలుటకు చోటుగల వేరు దొడ్డికి మార్చవలెను.

2. రెండు దినములు ముందుగా పొడవైన పొడి వరిగడ్డి వేయవలెను. తడిసినదియు, బూజుపట్టినదియు పనికిరాదు.

3. గోడ పొడవునను, నేలకును గోడకును సుమారు 9 అంగుళముల ఎడముగా గట్టి వాసము బిగింపవలెను. తల్లి ఒరిగినపుడు పిల్లలు దానిక్రింద దూరి తప్పించుకొనును.

4. ఒక మూలను, తల్లి చొరరాకుండ, పిల్లలకు వెచ్చని చోటు ఏర్పరుపవలెను. తొలి దినములలో వానికి 32 మొదలు 34 సెంటీగ్రేడు డిగ్రీల వేడి అవసరము.

5. ఈనునపుడు జనులు గుమిగూడరాదు, కుక్కలను రానీయరాదు. నీరసించిన పిల్లలను మెల్లగా చన్నులకు చేర్పవలెను.

6. తొలిచూలు పంది ఒక్కొక్కప్పుడు పిల్లలను కరచును. అట్టి పిల్లలను వెచ్చని గంపలో నుంచి, తల్లి శాంతించిన పిమ్మట చేర్చి, కొంతసేపు కనిపెట్టి యుండవలెను.

ఒక మోపు గడ్డి వెల యెంత, ఒక పందిపిల్ల వెల యెంత యను లెక్క రైతు తానే చూచుకొనవచ్చును.